మాడ్రిడ్ నుంచి టొలేడో: అమ్మతో ఒక్క రోజు చాలా, రాత్రి ఉండాలా?

కృష్ణాతీరం (మ్యూనిక్) · ఏప్రిల్ 9

అందరికీ నమస్కారం. మే చివరి వారంలో అమ్మను తీసుకుని మాడ్రిడ్ వెళ్తున్నాను. నాలుగు రాత్రుల బస. మధ్యలో మాడ్రిడ్‌కు దగ్గర్లోనే ఉన్న పాత ఊరు టొలేడో చూపించాలని నాకు బాగా కోరికగా ఉంది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చని అందరూ అంటున్నారు, కానీ అమ్మ సంగతి వేరు.

అమ్మకు 67 ఏళ్ళు. తెనాలి పక్క ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయింది. కుడి మోకాలు నొప్పి. మెట్లు నెమ్మదిగా ఎక్కుతుంది గానీ దిగేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. గుడ్డు కూడా ముట్టదు. పైగా "అంత దూరం పోయి చర్చి చూడటమెందుకురా, మనూళ్ళో గుణదల కొండ లేదూ" అంటోంది. అక్కడ చూడాల్సిందేమిటో ఆమెకు నచ్చేలా ఎలా చెప్పాలో నాకే తెలియడం లేదు. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

మానేరు (మాడ్రిడ్) · ఏప్రిల్ 9

అన్నా, నేను పదకొండేండ్ల సంది మాడ్రిడ్‌లనే ఉంటున్న. ఇంటికి ఎవలొచ్చినా టొలేడోకు తోల్కపోయేది నేనే. ఎన్నిసార్లు పోయిన్నో లెక్క లేదు.

మొదలు రైలు సంగతి. ఆతోచా స్టేషన్ల "అవాంత్" బండి ఎక్కితే 35 నిమిషాలల్ల దింపుతది. పోయేదానికి, వచ్చేదానికి రెండు టికెట్లు ముందుగాల్నే తీసిపెట్టుకో. శని, ఆదివారాలు సాయంత్రం వాపస్ వచ్చే బండ్లు నిండిపోతయి. సామాన్లు స్కానింగ్ చేస్తరు కాబట్టి ఒక ఇరవై నిమిషాలు ముందు పోవాలె. ప్లాజా ఎలిప్తికా నుంచి బస్సులు గూడ ఉన్నయి, గంట పైన పడుతది. అమ్మకైతే రైలే మంచిది. టొలేడో స్టేషనే ఒక చూడదగ్గ కట్టడం. 1919ల తెరిచిండ్రు, ఒకప్పుడు స్పెయిన్‌ను ఏలిన ముస్లింల, అంటే మూరుల పద్ధతిల ఇటుక కమాన్లు, రంగు అద్దాలు. దిగంగనే ఉరకకుండ లోపల టికెట్ కిటికీల దిక్కు ఒకసారి చూడుండ్రి.

ఊరు గుట్ట మీద ఉంటది. మూడు దిక్కుల తాహో నది చుట్టుకోని ఉంటది, స్టేషన్ ఏమో నదికి ఇవతల, కింద. అమ్మను అక్కడ్నుంచి నడిపియ్యకు. సిటీ బస్సు గాని ట్యాక్సీ గాని తీస్కోని పైన సొకొదోవేర్ చౌక్ కాడ దిగుండ్రి. గుట్ట ఎక్కెతందుకు రెండు దిక్కుల ఎస్కలేటర్లు గూడ ఉన్నయి, సఫోంత్ దిక్కు ఒకటి, రెకారెదో దిక్కు ఒకటి. రాత్రి పొద్దుపోయినంక బందు పెడతరు, అది యాదిల పెట్టుకో.

బాటలన్నీ గులకరాళ్ళు పరిచినయే. చెప్పులొద్దు, మెత్తటి అడుగున్న బూట్లు వేయించు.

సంచారి (లండన్) · ఏప్రిల్ 10

మేం కిందటేడాది ఒక్క రోజులోనే చూశాం. పొద్దున తొమ్మిదిన్నరకు దిగి రాత్రి ఎనిమిది రైలుకు వెనక్కి వచ్చేశాం. కేథడ్రల్ అనే పెద్ద చర్చి, అల్కాసర్ కోట, రెండు యూదుల ప్రార్థనాలయాలు, సాంతో తోమే చర్చిలో ఎల్ గ్రెకో వేసిన పెద్ద చిత్రం, సాన్ హువాన్ మఠం, సాన్ మార్టిన్ వంతెన, అన్నీ అయ్యాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు హోటల్ మారడం, పెట్టెలు మోయడం ఇంకా కష్టం. నా మాటైతే ఒక రోజు చాలు. మిగిలిన రోజు సెగోవియా వెళ్ళి రోమన్లు కట్టిన నీటి కాలవ చూపించండి.

చిత్రలేఖ (విశాఖపట్నం) · ఏప్రిల్ 10

సంచారి గారూ, మీరు ఓపికగా అన్నీ చూసొచ్చారు, కాదనను. కానీ మోకాలి నొప్పి ఉన్న పెద్దావిడ అదే రోజులో అవన్నీ తిరిగితే సాయంత్రానికి ఆవిడకు గుర్తుండేది మోకాలొక్కటే.

కృష్ణాతీరం గారూ, ఒక రాత్రి ఉండండి. మాడ్రిడ్ నుంచి వచ్చే గుంపులు పదకొండింటికి ఊళ్ళో నిండుతాయి, ఐదూ ఆరింటికి ఖాళీ అవుతాయి. అంతకు ముందు, ఆ తర్వాత ఆ సందులన్నీ మీవే. పెద్ద పెట్టెలు మాడ్రిడ్ హోటల్లోనే ఉంచమని అడగండి, చాలా చోట్ల ఉంచుతారు. ఒక చిన్న సంచీ చాలు.

ఇక కేథడ్రల్‌లో అమ్మగారికి ఏం చూపించాలన్నది. లోపల లెక్కలేనన్ని ఉన్నాయి, అన్నీ చూపించాలని పరుగెత్తకండి. నేనైతే రెండిటి దగ్గరే నిలబడమంటాను.

మొదటిది "ట్రాన్స్‌పరెంతె". మన గుళ్ళలో గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ దారి ఉంటుంది కదా, ఇక్కడా ప్రధాన బలిపీఠం వెనక నుంచి అలాగే ఒక చీకటి దారి చుట్టి వస్తుంది. బలిపీఠంలో ఉంచిన సత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా కొలిచే రొట్టె) మీద వెనక వైపు నుంచి వెలుతురు పడాలని 18వ శతాబ్దంలో నర్సీసో తోమే అనే శిల్పికి పని అప్పగించారు. ఆయన ఏం చేశాడంటే, అప్పటికి ఎన్నో వందల ఏళ్ళుగా నిలబడి ఉన్న ఆ రాతి కప్పుకు ఏకంగా పెద్ద కన్నం కొట్టించాడు. దాని పైన కిటికీ కట్టి, కన్నం అంచుల నిండా దేవదూతలను కూర్చోబెట్టాడు. ఆ కిటికీ లోంచి దిగే వెలుగు ఎదురుగా పాలరాయి, కంచు, రంగుల గార కలగలిపి చేసిన శిల్పాల గుంపు మీద పడుతుంది. 1732లో పూర్తయింది. పొద్దున పూట ఎండ బాగున్నప్పుడు చూడాలి. ఏది రాయో, ఏది రంగో, ఏది నిజమైన ఎండో కాసేపు తెలియదు. నేను మొదటిసారి అక్కడ అరగంట నిలబడిపోయాను. ఈ పొద్దుటి వెలుగు కోసమే రాత్రి ఉండమంటున్నాను.

రెండోది వస్తువులు దాచే గదిలో, అంటే సాక్రిస్తియాలో, ఎల్ గ్రెకో చిత్రం "ఎల్ ఎస్పోలియో". క్రీస్తు వస్త్రాలు లాగేసే ఘట్టం. ఆ ఎర్రటి అంగీ ఒక్కటి చూస్తే చాలు. గ్రెకో అసలు క్రీట్ ద్వీపంలో పుట్టిన గ్రీకువాడు. 1577లో టొలేడో వచ్చి 1614లో అక్కడే పోయాడు. ఊరికి కొత్తగా రాగానే వేసిన చిత్రమిది. క్రీస్తు తల కంటే గుంపులోని వాళ్ళ తలలు పైన ఉన్నాయనీ, మేరీ అనే పేరున్న ముగ్గురు స్త్రీలు అక్కడ ఉండకూడదనీ కేథడ్రల్ తరఫువాళ్ళు అభ్యంతరాలు పెట్టి డబ్బు తగ్గించారు. ఆయన మాత్రం ఆ బొమ్మను మార్చలేదు. మారకుండానే ఇప్పటికీ అదే గదిలో ఉంది.

సంచారి (లండన్) · ఏప్రిల్ 10

నేను ట్రాన్స్‌పరెంతె చూశాను గానీ మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, మబ్బుగా ఉన్న రోజు. మీరు చెప్పినట్టు నాకు కనపడలేదు. సరే, మోకాలి విషయంలో మీ మాటే నిజం. నేను నా నడక లెక్కలోనే చెప్పాను.

పచ్చిపులుసు (వరంగల్) · ఏప్రిల్ 11

నేను రెండేళ్ళు స్పెయిన్‌లో చదువుకున్నాను, గుడ్డు తినకుండానే బతికాను. కాబట్టి భయం వద్దు, కానీ జాగ్రత్త కావాలి.

అక్కడ "కార్నె లేకుండా" అంటే చాలామందికి మాంసం ముక్క లేకుండా అని మాత్రమే అర్థం. పంది తొడ మాంసం సన్నగా తరిగి కూరగాయల్లో చల్లుతారు, సలాడ్‌లో ట్యూనా చేప వేస్తారు, పప్పు పులుసులో ఎముకల రసం ఉంటుంది. నాకొకసారి ఒక హోటల్లో శాకాహారం అని మూడుసార్లు చెప్పాక కూడా చిక్కుడు గింజల సూపులో ముక్కలు వచ్చాయి. అందుకని ఫోన్‌లో ఇలా రాసి పెట్టుకోండి: సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ అతూన్, సిన్ ఉఎవో, సిన్ కాల్దో దె కార్నె. అంటే మాంసం, పంది తొడ మాంసం, ట్యూనా, గుడ్డు, మాంసపు రసం ఏవీ లేకుండా అని. చదివి వినిపించడం కంటే చూపించడం మేలు.

ధైర్యంగా అడగదగ్గది "పిస్తో మాంచెగో". వంకాయ, మిరప, గుమ్మడి జాతి కాయ, టమాటా వేసి నూనెలో మగ్గించిన కూర. దాదాపు మన ఇంటి కూరలాగే ఉంటుంది. పైన వేయించిన గుడ్డు పెట్టి ఇస్తారు, ముందే వద్దనండి. టొలేడో వాళ్ళు గొప్పగా చెప్పే "కార్కమూసాస్" పంది మాంసం కూర. కవుజు పిట్ట కూర కూడా అక్కడి ప్రత్యేకమే, ఆ రెండూ మీకు కావు.

మిఠాయి ఊరిది మాసపాన్. బాదం పప్పు, చక్కెర రుబ్బి చేస్తారు. మన జీడిపప్పు పాకానికి దూరపు చుట్టం. కొన్నిటికి పైన గుడ్డు పచ్చసొన పూస్తారు, కొన్నిట్లో లోపల పెడతారు. అడిగి తీసుకోండి. కొన్ని మఠాల్లో సన్యాసినులే చేసి అమ్ముతారు.

ఒక రైస్ కుక్కర్, పచ్చడి సీసా ఉంటే అమ్మగారు రెండో రోజు మీతో గొడవపడరు. నా అనుభవం.

పాతరాయి (హైదరాబాద్) · ఏప్రిల్ 12

ఆలస్యంగా చూశాను. మీ అమ్మగారు తెలుగు ఉపాధ్యాయిని అన్నారు కదా. అయితే ఆవిడకు టొలేడో గురించి చర్చితో మొదలుపెట్టి చెప్పకండి. పంచతంత్రంతో మొదలుపెట్టండి.

చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రభేదం ఆవిడ కొన్ని వందలసార్లు చెప్పి ఉంటారు. కరటకుడు, దమనకుడు అనే రెండు నక్కలు, సింహానికీ సంజీవకుడనే ఎద్దుకీ కుదిరిన స్నేహం, దాన్ని దమనకుడు చెడగొట్టడం. ఈ కథ 6వ శతాబ్దంలో బుర్జోయ్ అనే వైద్యుడి ద్వారా సంస్కృతం నుంచి పాత పర్షియా భాష పహ్లవీలోకి వెళ్ళింది. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా అరబ్బీలోకి తెచ్చాడు. కరటకుడు కలీలా అయ్యాడు, దమనకుడు దిమ్నా అయ్యాడు. ఆ అరబ్బీ పుస్తకాన్ని 1251లో, అప్పటికింకా యువరాజుగా ఉన్న అల్ఫోన్సో కాస్తీల్ భాషలోకి, అంటే అప్పటి స్పానిష్‌లోకి అనువదింపజేశాడు. తర్వాత పదవ అల్ఫోన్సో రాజుగా పేరుపడ్డ ఆ మనిషి పుట్టింది 1221లో, టొలేడోలోనే.

ఇది ఊరికే జరగలేదు. ఊరు మూడు వందల డెబ్బై ఏళ్ళకు పైగా ముస్లిముల పాలనలో ఉంది. 1085లో క్రైస్తవ రాజు ఆరవ అల్ఫోన్సో గెలుచుకున్నాడు. ఊళ్ళో అరబ్బీ వచ్చిన యూదులు, ముస్లిములు, అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు ముగ్గురూ ఉన్నారు. పుస్తకాలు ఉన్నాయి. దాంతో యూరప్ పండితులు ఇక్కడికి వచ్చి కూర్చుని గణితం, ఖగోళం, వైద్యం లాటిన్‌లోకి మార్చుకున్నారు. క్రెమోనా నుంచి వచ్చిన జెరార్డ్ టాలెమీ ఖగోళ గ్రంథం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఒకటుంది. టొలేడో ఇంకా ముస్లిముల చేతిలో ఉన్నప్పుడు, అక్కడ ఖాజీగా పనిచేసిన సాయిద్ అల్ అందలూసి 1068లో జాతుల చరిత్ర ఒకటి రాశాడు. ఏ ఏ జాతులు విద్యలను పెంచాయో వరసగా చెప్పాడు. అందులో మొట్టమొదట పెట్టింది భారతీయులను. మన అంకెలనూ ప్రస్తావించాడు, కలీలా దిమ్నా పుస్తకాన్నీ ప్రస్తావించాడు. ఆయన ఎన్నడూ మన దేశం రాలేదు. తాహో ఒడ్డున కూర్చుని మన గురించి అంత గౌరవంగా రాశాడు.

ఇక కట్టడాలు. కేథడ్రల్ పని 1226లో మొదలై 1493లో ముగిసింది. పొడవు సుమారు 120 మీటర్లు. ఆ చోట అంతకు ముందు ఊరి పెద్ద మసీదు ఉండేది. దాన్ని ముస్లిములకే ఉంచుతానని ఆరవ అల్ఫోన్సో మాటిచ్చాడని, ఆయన ఊళ్ళో లేనప్పుడు రాణి, ఆర్చిబిషప్ కలిసి స్వాధీనం చేసుకున్నారని ఒక కథ ఉంది. రాజు తిరిగొచ్చి మండిపడితే, ముస్లిముల ధర్మశాస్త్ర పండితుడే వచ్చి వాళ్ళను క్షమించమని వేడుకున్నాడట. ఆయన విగ్రహం కేథడ్రల్ ప్రధాన మందిరంలో, బలిపీఠం దగ్గర ఒక స్తంభానికి ఉంది. క్రైస్తవ రాజుల, సాధువుల మధ్య తలపాగాతో ఒక ముస్లిం పండితుడు. గైడ్లు చాలామంది ఆగకుండా వెళ్ళిపోతారు, మీరు అడిగి చూడండి.

ఇంకొకటి, పైకి చూస్తూ నడవండి. కార్డినళ్ళు అనే చర్చి పెద్దల సమాధుల పైన కప్పు నుంచి వాళ్ళ ఎర్ర టోపీలు వేలాడుతుంటాయి.

క్రీస్తో దె లా లూస్ అని ఒక బుల్లి మసీదు మిగిలింది, 999 నాటిది. ఒక గది అంతే. కప్పు తొమ్మిది చిన్న గుమ్మటాలు, ఏ రెండూ ఒకేలా ఉండవు. మంచి వెలుతురులో పావుగంట కూర్చుంటే చాలు. యూదుల ప్రార్థనాలయాల్లో ట్రాన్సితో, సాంతా మరియా లా బ్లాంకా రెండూ మిగిలాయి. ఆ రెంటినీ చర్చిలుగా మార్చారు. 1492లో యూదులను దేశం నుంచే వెళ్ళగొట్టారు. ట్రాన్సితో గోడల మీద హీబ్రూ అక్షరాలు అలాగే ఉన్నాయి, చదివే జనమే లేకుండా పోయారు. ఇప్పుడది వాళ్ళ మ్యూజియం. నేనక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయాను.

మానేరు (మాడ్రిడ్) · ఏప్రిల్ 12

పాతరాయి సార్, ఇన్నిసార్లు పోయిన, ఆ తలపాగా విగ్రహం నేను చూడనే లేదు. ఈ ఆదివారమే పోతా.

అన్నా, ట్రాన్సితో, ఎల్ గ్రెకో మ్యూజియం రెండు సోమవారం బందు. కేథడ్రల్ ఆదివారం పర్యాటకులకు మధ్యాహ్నం నుంచే. మంగళవారం మాపటికి చేరి, బుధవారం పొద్దున పది గంటలకు కేథడ్రల్ తెరవంగనే లోపలికి పో. పర్యాటకులు పోయే వాకిలి పేరు "పుయెర్తా యానా". యానా అంటే చదును. ఊరి కేథడ్రల్‌కు మెట్లు లేని వాకిలి అదొక్కటే, అమ్మకు మంచిగైతది. టికెట్ ఎదురుంగ ఉన్న దుకాణంల ఇస్తరు.

గంటల గోపురం ఎక్కుడు మాత్రం నీవు ఒక్కనివే చేయ్. మెట్లు మస్తుగున్నయి. పైన 1753ల పోసిన పెద్ద గంట ఉంటది, పగులు స్పష్టంగ కనపడుతది.

ఫిరంగిపురం (గుంటూరు) · ఏప్రిల్ 13

అక్కా తమ్ముళ్ళందరికీ వందనాలు. మాది పాత కతోలిక కుటుంబం. నేను రెండేళ్ళ కిందట మా విచారణ (మా చర్చి పరిధి) నుంచి యాత్రకు వెళ్ళినవాళ్ళతో టొలేడో చూశాను.

తమ్ముడూ, మీ అమ్మగారు గుణదల వెళ్ళినావిడే కాబట్టి కొత్తేమీ ఉండదు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలుంటే చాలు. చీరైతే ఇంకా మంచిది. అక్కడి పెద్దవాళ్ళు మా అమ్మ చీర చూసి ఎంతో ఆదరంగా పలకరించారు. చెప్పులు విప్పక్కర్లేదు. పూజ జరుగుతున్న మందిరంలోకి మాత్రం కెమెరాతో వెళ్ళకూడదు.

మాకు మరిచిపోలేనిది మొసారబిక్ పూజ. ముస్లిముల పాలనలో కూడా తమ పాత పద్ధతిలో దేవుణ్ణి కొలుచుకున్న క్రైస్తవుల ప్రార్థన అది. 1085 తర్వాత రోమ్ పద్ధతి వచ్చినా టొలేడోలో కొన్ని విచారణలు పాతదాన్ని వదల్లేదు. 1500 ప్రాంతంలో కార్డినల్ సిస్నేరోస్ ఆ ప్రార్థనల పుస్తకం అచ్చు వేయించి, కేథడ్రల్‌లోనే ఒక మందిరం కేటాయించాడు. అక్కడ ఇప్పటికీ ఆ పూజ జరుగుతోంది. భాష అర్థం కాకపోయినా, వెయ్యేళ్ళ పైబడిన పాటను మనుషులు వదలకుండా పట్టుకున్నారని తెలిసి వింటుంటే నాకు కన్నీళ్ళాగలేదు.

మీరు మే చివర వెళ్తున్నారు కాబట్టి ఇంకో సంగతి. ఈస్టర్ తర్వాత అరవయ్యో రోజున సత్ప్రసాద మహోత్సవం వస్తుంది, కోర్పుస్ అంటారు. టొలేడోకి అదే పెద్ద పండుగ. దానికి కొన్ని వారాల ముందే ఊరేగింపు వెళ్ళే వీధులన్నిటికీ పైన తెల్లటి గుడ్డ పందిళ్ళు కడతారు. పండుగ నాడు నేల మీద సువాసన ఆకులు చల్లుతారు, కేథడ్రల్ గోడలకు పాత నేత తెరలు వేలాడదీస్తారు. ఊరేగేది ఎన్రికె దె అర్ఫె చేసిన కుస్తోదియా, సత్ప్రసాదం ఉంచే పాత్ర. వెండితో చేసి బంగారు పూత వేసిన గోపురం లాంటిది, 16వ శతాబ్దం తొలినాళ్ళది, దాని నిండా 260 చిన్న విగ్రహాలు. మామూలు రోజుల్లో కేథడ్రల్ ఖజానా గదిలో చూడొచ్చు. మన రథోత్సవం చూసినవాళ్ళకు దాన్ని వేరే వివరించక్కర్లేదు.

కృష్ణాతీరం (మ్యూనిక్) · ఏప్రిల్ 14

ఏం చెప్పాలో తెలియడం లేదు, ఇంత రాశారు. రాత్రి అమ్మకు ఫోన్లో పాతరాయి గారి పోస్టు చదివి వినిపించాను. సంజీవకుడి పేరు రాగానే "ఆగాగు, మళ్ళీ చదువు" అంది. తర్వాత అరగంట నాకు మిత్రభేదం చెప్పింది. ఒక రాత్రి టొలేడోలో గది తీసుకున్నాను, కేథడ్రల్‌కి దగ్గర్లో, లిఫ్ట్ ఉన్నది.

అన్నా, మానేరు అన్నా, ఊరు మొత్తం కనపడే చోటు నదికి అవతల ఉందంటారు. అమ్మ నడవగలదా?

మానేరు (మాడ్రిడ్) · ఏప్రిల్ 14

మిరదోర్ దెల్ బాయే. నడక వద్దు, ట్యాక్సీ తీస్కో. పొద్దు గూకే ముందు పోయి దీపాలు పెట్టేదాక ఉండు. ట్యాక్సీ ఆయనను మళ్ల ఎన్ని గంటలకు రావాల్నో ముందుగాల్నే మాట్లాడుకో. అక్కడ్నుంచి ఎడమ కొసకు సాన్ మార్టిన్ వంతెన, కుడి కొసకు అల్కాసర్, నడుమ కేథడ్రల్ గోపురం. నేను ఎప్పుడు పోయినా మొదటిసారి చూసినట్టే ఉంటది.

కృష్ణాతీరం (మ్యూనిక్) · మే 31

వచ్చేశాం. మీ అందరికీ లెక్క అప్పజెప్పాలి.

మంగళవారం సాయంత్రం చేరాం. సొకొదోవేర్ చౌక్‌లో బల్ల మీద కూర్చుంటే, ఆ పేరు అరబ్బీదనీ, అర్థం పశువుల సంత అనీ చెప్పాను. అమ్మ "మన సంతపేటలాగా" అని నవ్వింది. గుడ్డ పందిళ్ళు అప్పటికే కట్టేశారు. ఎండ బాగానే కాసింది గానీ కేథడ్రల్ చుట్టుపక్కల వీధుల్లో నీడ నీడగా నడిచాం. గులకరాళ్ళ బాటే కష్టపెట్టింది. వంద అడుగులకోసారి ఆగాం.

బుధవారం పొద్దున పదింటికి పుయెర్తా యానా దగ్గరే ఉన్నాం. నేరుగా ట్రాన్స్‌పరెంతె దగ్గరకు. మా అదృష్టం, ఎండ ఉంది. అమ్మ ముందు కింద శిల్పాలు చూసింది, తర్వాత వెనక్కి తిరిగి పైకి చూసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిందొకటే: "కప్పు పగలగొడుతుంటే కింద నిలబడ్డవాళ్ళకి భయం వెయ్యలేదంటావా?" చిత్రలేఖ గారూ, ఆ ఒక్క ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు.

పండితుడి విగ్రహం వెతకడానికి పావుగంట పట్టింది. ఒక కాపలాదారు వేలు పెట్టి చూపించాడు. అమ్మ చేతులు జోడించింది.

సాంతో తోమేలో కౌంట్ ఆర్గాస్ చిత్రం దగ్గర జనం ఎక్కువ, పది నిమిషాలే ఉన్నాం. ముందున్న పిల్లవాడు గ్రెకో కొడుకనీ, జేబురుమాలు మీద వాడు పుట్టిన ఏడు 1578 రాసి ఉందనీ చెబితే అమ్మ వాడినే చూస్తూ నిలబడింది. ట్రాన్సితోకి వెళ్ళలేకపోయాం, మోకాలు ఒప్పుకోలేదు. అల్కాసర్ కూడా లోపలికి వెళ్ళలేదు. బాధేమీ లేదు.

పిస్తో రెండు పూటలా తిన్నాం. ఫోన్‌లో రాసి చూపించడం బాగా పనిచేసింది. సన్యాసినుల దగ్గర మాసపాన్ కొన్నాం, గుడ్డు లేనిది.

మిగతాది అమ్మే రాస్తానంటోంది.

కృష్ణాతీరం (మ్యూనిక్) · మే 31

నమస్కారం. నేను వాళ్ళ అమ్మను. అబ్బాయి ఫోనులోనే టైపు చేస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

పాతరాయి గారికి ముందుగా నా కృతజ్ఞతలు. మీరు రాసింది వినకపోతే నేను ఆ ఊరు వచ్చేదాన్ని కాదు. మాడ్రిడ్‌లో గదిలో కూర్చునేదాన్ని.

రెండో రోజు మధ్యాహ్నం సొకొదోవేర్ దగ్గర ఒక పుస్తకాల షాపు కనబడితే, ఆ కలీలా దిమ్నా పుస్తకం అడగమన్నాను. బడిపిల్లలకు వేసిన చిన్న ప్రతి దొరికింది. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. లిపి ఇంగ్లీషుదే కాబట్టి పేర్లు వెతుక్కున్నాను. బండికి కట్టిన రెండెద్దుల పేర్లు కనిపించాయి: సెన్సెబా, బెందెబా. మా అబ్బాయికి అర్థం కాలేదు. నాకు అర్థమయింది. సెన్సెబా మన సంజీవకుడు. బెందెబా నందకుడు. ఎన్ని నోళ్ళు మారి, ఎన్ని లిపులు మారి వచ్చిన పేర్లో చూడండి. నకారం బకారమయింది, జకారం సకారమయింది, అయినా గుర్తుపట్టాను.

నేను తొమ్మిదో తరగతికి మిత్రభేదం చెప్పేటప్పుడు, సింహం సంజీవకుడిని చంపే చోటికి వచ్చేసరికి వెనక బెంచీ పిల్లలు కూడా అల్లరి మానేవారు. తప్పు చేయని ఎద్దు చచ్చిపోయిందని వాళ్ళకు మనసు ఒప్పేది కాదు. ఒక పిల్ల అడిగింది, "టీచర్, వాళ్ళిద్దరూ ఒక్కసారి ఎదురుబొదురు కూర్చుని మాట్లాడుకుంటే సరిపోయేది కదా" అని. ఆ ఊళ్ళో మూడు మతాల గుళ్ళు ఒకదాని పక్కన ఒకటి చూసి, ఆ తర్వాత 1492లో ఏం జరిగిందో అబ్బాయి చెబుతుంటే, నాకు ఆ పిల్ల గొంతే వినిపించింది.

సాయంత్రం నది అవతల గట్టు మీదకు ట్యాక్సీలో వెళ్ళాం. ట్యాక్సీ అబ్బాయి దారిలో సాన్ మార్టిన్ వంతెన చూపించి ఒక కథ చెప్పాడు, మావాడు తెలుగులో చెప్పాడు. వంతెన కట్టిన మేస్త్రీ తన లెక్క తప్పిందనీ, సారువలు తీస్తే కమాను కూలుతుందనీ తెలుసుకుని నిద్రపోలేదట. అది చూడలేక ఆయన భార్య రాత్రికి రాత్రి ఆ సారువలకు నిప్పు పెట్టిందట. అంతా ప్రమాదం అనుకున్నారు, ఆయన మళ్ళీ సరిగ్గా కట్టాడట. నిజమో కాదో గానీ మా ఊరి కథలాగే ఉంది.

ఫిరంగిపురం సోదరుడికి, ఆ పాత పూజ మేం వినలేకపోయాం. పొద్దున లేవలేకపోయాను. అది ఒక్కటి మిగిలిపోయింది.

ఫిరంగిపురం (గుంటూరు) · జూన్ 1

అమ్మగారూ, వందనాలు. మీ ఉత్తరం మా ఇంట్లో అందరికీ చదివాను. ఆ పూజ కోసం మళ్ళీ వెళ్తే చెప్పండి, మా అమ్మ కూడా వస్తానంటోంది.

పాతరాయి (హైదరాబాద్) · జూన్ 1

అమ్మా, సెన్సెబా, బెందెబా నేను ఎన్నడూ సంజీవక, నందకులతో పక్కపక్కన పెట్టి చూడలేదు. చదివినవాణ్ణే, అయినా పట్టించుకోలేదు. ఈ రాత్రి నీతిచంద్రిక మళ్ళీ తీశాను.

జామచెట్టు (రాజమహేంద్రవరం) · జూన్ 3

ఈ చర్చ మొత్తం చదివాను. మా నాన్నగారు చక్రాల కుర్చీలో ఉంటారు, అక్టోబరులో వెళ్దామనుకుంటున్నాం. సాధ్యమేనా?

మానేరు (మాడ్రిడ్) · జూన్ 3

అక్కా, అయితది. పుయెర్తా యానా వాకిలి నుంచి పోతే కేథడ్రల్‌కు మెట్లుండయి. ఊరి బాటలే కుర్చీకి కష్టం, కుదుపులు మస్తు. హోటల్ కేథడ్రల్‌కు ఆనుకోని ఉన్నది తీస్కోండ్రి, ట్యాక్సీ వాకిట్ల దాక వస్తదా రాదా అని బుక్ చేసే ముందే అడగుండ్రి, సందులు అంత సన్నం. ఊరంతా కనపడే గట్టు కాడ ట్యాక్సీ రోడ్డు పక్కనే ఆగుతది, కుర్చీల కూసోనే చూడొచ్చు. అక్టోబర్ల ఎండ గూడ తగ్గుతది. ఏ తారీఖుల వస్తరో చెప్పుండ్రి, అది ఆదివారమైతే నేను స్టేషన్ కాడికి వస్తా.